నడుం పట్టేస్తే ఇచ్చే కండరాల మాత్రలు ఎన్ని రోజులు వాడొచ్చు? అమ్మ రాత్రి బాత్రూంలో పడిపోయింది

ఖమ్మం_కిటికీ
మా అమ్మకి 63 ఏళ్ళు. ఖమ్మంలో ఒక్కతే ఉంటుంది, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడు వారాల కిందట 25 కిలోల బియ్యం బస్తా పక్కకి జరపబోయి నడుం పట్టేసింది. వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళి చెప్తే, కండరాలు వదులవుతాయని ఒక స్ట్రిప్ ఇచ్చి పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకోమన్నాడు. నాలుగైదు రోజుల్లో తగ్గింది. తగ్గాక మానేయాలి కదా, మానేస్తే మళ్ళీ పట్టేస్తుందేమోనని ఇంకో స్ట్రిప్, అది అయిపోతే ఇంకో స్ట్రిప్ కొనుక్కుని వేసుకుంటూనే ఉందట. నాకు చెప్పలేదు. మొన్న రాత్రి రెండు గంటలకి బాత్రూంకని లేచి నాలుగడుగులు వేసిందో లేదో కళ్ళు బైర్లు కమ్మి పడిపోయింది. తలకి తగల్లేదు, మోచేయి వాచింది. నాకు ఫోన్ చేస్తే భయపడతానని తెల్లారేదాకా గోడకి ఆనుకుని అలాగే కూర్చుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బీపీ మాత్ర కూడా వాడుతుంది. ఈ కండరాల మాత్రలు అసలు ఎన్ని రోజులు వాడొచ్చు? పడిపోవడానికి ఇవే కారణమా?

గోదారి_గట్టు
మా ఇంట్లో అందరం వాడతాం, ఎవరికీ ఏమీ కాలేదు. నడుం పట్టేస్తే రెండు పూటలు వేసుకుని పడుకోవడమే. ఆవిడ పడింది బీపీ వల్ల అయ్యుంటుంది, మాత్ర మీద పెట్టకండి.

మందుల_కౌంటర్
నేను ఫార్మసిస్టుని, కౌంటర్ వెనక 14 ఏళ్ళయింది. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల పేరు నాకొద్దు, వెనక చిన్న అక్షరాల్లో లోపల ఏముందో ఉంటుంది, అది చూసి రాయండి. కండరాల మాత్ర అంటే ఒక మందు కాదు. మన షాపుల్లో ఎక్కువగా కదిలేవి మూడు: థయోకోల్చికోసైడ్, టిజానిడిన్, క్లోర్జోక్సజోన్. ఇవి కాక మెథోకార్బమాల్, బాక్లోఫెన్ ఉన్నాయి. ఒకదానికి చెప్పే జాగ్రత్త ఇంకోదానికి సరిపోదు. పైగా మన దగ్గర ఇవి ఒంటరిగా రావడం తక్కువ, ఎసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో ఒక నొప్పి మందు, దానికి తోడు పారాసిటమాల్ 325, అన్నీ ఒకే మాత్రలో ఉంటాయి. అంటే మీ అమ్మగారు ఒక మాత్ర వేసుకున్నాననుకుంటే మూడు మందులు వేసుకున్నట్టు.

లారీ_స్టీరింగ్
పడిపోవడం ఇంట్లో జరిగింది, అదృష్టం అనుకోండి. నాకు బండి మీద జరిగింది. మెడ పట్టేస్తే ఒంగోలులో ఒక మాత్ర వేసుకున్నా, జలుబుగా ఉందని దానిమీద జలుబు మాత్ర కూడా. విజయవాడ వైపు వస్తున్నా. చిలకలూరిపేట దాటిన సంగతే నాకు గుర్తు లేదు. క్లీనర్ కుర్రాడు అరిచేసరికి బండి డివైడర్‌కి జానెడు దూరంలో ఉంది. ఆ రోజు వాడు మేలుకుని ఉండబట్టి ఇవాళ ఇది రాస్తున్నా. ఆ మాత్ర వేసుకుంటే స్టీరింగ్ పట్టుకోకూడదని షాపులో ఒక్క మాట చెప్పలేదు.

హైటెక్_కుర్చీ
@లారీ_స్టీరింగ్ అన్నా ఒళ్ళు జలదరించింది చదివితే. నేను ఇవి వేసుకుని ఓఆర్‌ఆర్ మీద బండి నడిపాను చాలాసార్లు.

ఖమ్మం_కిటికీ
@మందుల_కౌంటర్ అమ్మతో వీడియో కాల్‌లో చూపించుకున్నా. ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325, టిజానిడిన్ 2. మొదటి స్ట్రిప్ పేరూ ఇదే కానీ చివర అక్షరాలు వేరు, అందులో టిజానిడిన్ బదులు థయోకోల్చికోసైడ్ 4 ఉంది. రెండూ ఒకటే అనుకుని వేసుకుంది.

మందుల_కౌంటర్
ఇదే అసలు తంటా. ఒకే బ్రాండు పేరు పెట్టి చివర అక్షరాలు మారుస్తారు. పి అంటే పారాసిటమాల్, ఎస్‌పి అంటే సెర్రాషియోపెప్టిడేజ్, టీహెచ్ అంటే థయోకోల్చికోసైడ్, ఎంఆర్ అంటే కండరాల మందు. ఆ ఎంఆర్‌లో కూడా ఒక కంపెనీది టిజానిడిన్, ఇంకో కంపెనీది క్లోర్జోక్సజోన్. జనం వచ్చి బ్రాండు పేరు మొదటి సగం చెప్పి "అది ఇవ్వండి" అంటారు. మేం అడగాలి, రద్దీలో అడగం. నేనూ అడగని రోజులు ఉన్నాయి, ఒప్పుకుంటున్నా.

టిజానిడిన్ నిజానికి బీపీ మందులకి దగ్గరి చుట్టం. బీపీ తగ్గిస్తుంది, నిద్ర తెస్తుంది, నోరు ఎండబెడుతుంది. పడుకున్న మనిషి గబుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్మేది అందుకే. @గోదారి_గట్టు బీపీ వల్ల అన్నారు, సగం నిజమే, కానీ ఆ బీపీని దించింది ఎవరో చూడాలి కదా.

గోదారి_గట్టు
సరే, టిజానిడిన్ సంగతి నాకు తెలీదు. కానీ ఒక మాట. మీరంతా డాక్టర్‌కి చూపించండి అంటారు. మా ఊళ్ళో నాట్లేసే ఆడవాళ్ళకి సాయంత్రానికి నడుం పడిపోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఫీజు, ఆటో, ఒక రోజు కూలి, మూడూ పోతాయి. పది రూపాయల మాత్రతో మర్నాడు మళ్ళీ పొలంలో ఉంటారు. వాళ్ళని తప్పుపట్టలేను.

ఓపీ_డ్యూటీ
తప్పుపట్టక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో రోజుకి వందమందిని చూస్తాను, అందులో ఎంతమంది నడుం పట్టుకుని వస్తారో నాకు తెలుసు. ఆ మాత్ర ఏం చేస్తుందో వాళ్ళకి చెప్తే చాలావరకు వాళ్ళే తక్కువ వాడతారు.

కండరాల మాత్ర అంటే పట్టేసిన చోటికి వెళ్ళి కండరాన్ని వదులు చేస్తుందనుకుంటారు. అలా కాదు. మనం మాట్లాడుకుంటున్నవన్నీ మెదడు, వెన్నుపాము మీద పనిచేస్తాయి, అందుకే మత్తు. నడుంతో పాటు కళ్ళూ బరువెక్కుతాయి. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, కొత్తగా పట్టేసిన నడుం నొప్పికి ఇవి మొదటి రెండు వారాల్లో నొప్పిని 100 పాయింట్ల కొలతలో దాదాపు 8 పాయింట్లు తగ్గిస్తాయేమో అని తేలింది. అదీ గట్టి నమ్మకంతో చెప్పలేమన్నారు. అంటే సాయం ఉంటే కొంచెమే ఉంటుంది, అదీ మొదట్లోనే. నేను రాస్తే మూడు రోజులకి, ఎక్కువలో ఎక్కువ వారానికి, అదీ రాత్రి పూట. మూడు వారాలు వేసుకోవాల్సిన పరిస్థితి ఉందంటే అది మాత్రతో పోయే నొప్పి కాదు, కారణం వెతకాలి.

@ఖమ్మం_కిటికీ అమ్మగారి బీపీ మాత్రలో ఏముంది? ఈ వారంలో కొత్తగా ఇంకేమైనా మందు వేసుకున్నారా? జ్వరానికో, విరేచనాలకో?

ఎదురుకాళ్ళ_బుజ్జి
డాక్టర్ గారు అడిగినదానికి జవాబు వచ్చేలోపు నా సంగతి చెప్తా. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మా ఊళ్ళో ఎవరికి నడుం పట్టేసినా తెల్లారకముందే మా గుమ్మంలో బోర్లా పడుకునేవాళ్ళు, నేను కాలితో తొక్కాలి. ఇంటర్ పరీక్ష రోజు కూడా ముగ్గురిని తొక్కి వెళ్ళాను. మత్తు లేదు, స్ట్రిప్ లేదు :)

ఫిజియో_సిరి
@ఎదురుకాళ్ళ_బుజ్జి హాల్ టికెట్ పక్కన పెట్టి తొక్కారా, గొప్ప సేవ :) మెల్లగా తొక్కితే కొంతమందికి హాయిగానే ఉంటుంది, మర్దన లాంటిదే కదా. కానీ 60 దాటిన ఆడవాళ్ళని తొక్కకండి. ఎముకలు పల్చబడి ఉంటాయి, వెన్నుపూస చితికిన కేసు నేను చూశాను. జారిపడ్డాక వచ్చిన నడుం నొప్పి అయితే ఎవరినీ తొక్కకండి.

ఎదురుకాళ్ళ_బుజ్జి
ఇది నిజంగా తెలీదండి. మా మేనత్తకి 70. ఇక తొక్కను.

ఖమ్మం_కిటికీ
@ఓపీ_డ్యూటీ బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిపినది. కొత్త మందు అంటే... పోయిన ఆదివారం నుంచి విరేచనాలు. అదే షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ 500 ఇచ్చాడు, రోజుకి రెండు. పడింది మంగళవారం రాత్రి. కండరాల మాత్ర, సిప్రో, బీపీ మాత్ర అన్నీ వేసుకుందట ఆ రోజు. నేను అడగకపోతే చెప్పేదే కాదు.

మందుల_కౌంటర్
అమ్మో. దొరికింది. టిజానిడిన్, సిప్రో కలిపి ఇవ్వకూడదు. జాగ్రత్తగా ఇవ్వొచ్చు అన్న కోవలోది కాదు, అసలు ఇవ్వకూడదు అన్న కోవలోది.

ఓపీ_డ్యూటీ
అవును. టిజానిడిన్‌ని లివర్‌లో ఒక ఎంజైమ్ విరిచి బయటికి పంపుతుంది. సిప్రో ఆ ఎంజైమ్‌ని ఆపేస్తుంది. అప్పుడు 2 మిల్లీగ్రాముల మాత్రే వేసుకున్నా రక్తంలో మందు దాదాపు 10 రెట్లు చేరుతుంది. ఫ్లూవాక్సమైన్ అనే డిప్రెషన్ మందుతో ఇంకా ఎక్కువ. గర్భనిరోధక మాత్రలు కూడా కొంతవరకు ఇలాగే పెంచుతాయి, ఆ సంగతి ఎవరూ అడగరు.

మీ అమ్మగారి విషయంలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విరేచనాలతో ఒంట్లో నీరు పోయింది. బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంగా ఇంకొంత నీరు తీసింది. దానిమీద సిప్రో టిజానిడిన్‌ని పెంచింది. రెండు వారాలు ఏమీ కాకుండా మంగళవారమే పడటానికి లెక్క సరిపోయింది.

ఇప్పుడు చేయాల్సింది: టిజానిడిన్ మాత్ర ఇక వేయొద్దు. రోజుకి 4 మిల్లీగ్రాములే కాబట్టి ఆపితే ఇబ్బంది రాదు. పెద్ద డోసు నెలల తరబడి వాడినవాళ్ళు మాత్రం ఒక్కసారి ఆపితే బీపీ ఎగబాకుతుంది, వాళ్ళు మెల్లగా తగ్గించుకోవాలి. బీపీ మాత్ర మీ అంతట మీరు మాన్పించకండి, ఇవాళే ఎవరైనా డాక్టర్‌కి చూపించి పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూడమనండి. మోచేయికి ఎక్స్‌రే. క్రియాటినిన్ అనే కిడ్నీ రక్త పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు, టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద భారం పడుతుంది, విరేచనాల్లో మరీను. సిప్రో అవసరమో కాదో కూడా వాళ్ళే చెప్తారు, చాలా విరేచనాలకి ఓఆర్‌ఎస్ చాలు.

ఖమ్మం_కిటికీ
ఇప్పుడే బయల్దేరుతున్నా. మా పిన్నిని అమ్మ దగ్గరికి పంపాను. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

లారీ_స్టీరింగ్
నువ్వు జాగ్రత్తగా వెళ్ళు తల్లీ. నిద్ర లేదన్నావు, నువ్వు నడపకు. బస్సెక్కు.

సోంపేట_ఇసుక
కిడ్నీ అన్నారు కాబట్టి చెప్తున్నా. మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి వైపు ప్రతి వీధిలో ఒక కిడ్నీ మనిషి ఉంటాడు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక కొంత దగ్గరైంది, అంతకుముందు విశాఖ పోవాల్సిందే. మా మావయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. ఎక్కిళ్ళు ఆగకపోతే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బాక్లోఫెన్ రాశారు, ఎక్కిళ్ళకి కూడా వాడతారట. డయాలసిస్ అని కాగితం చూపించాం కూడా. రెండో రోజుకి మనిషి మమ్మల్ని గుర్తుపట్టలేదు. లేని కొబ్బరిచెట్టు మీద ఎవరో ఉన్నారంటాడు, నిద్రపోతే లేవడు. గాలి సోకిందని అత్త తాయెత్తు కట్టించింది. డయాలసిస్ సెంటర్లో సిస్టర్ మందుల చీటీ అడిగి చూసి డాక్టర్‌ని పిలిచింది. ఆ మందు ఎక్కువ భాగం కిడ్నీల గుండానే పోవాలట, కిడ్నీలు లేనివాడికి లోపలే పేరుకుంది. రెండు సార్లు డయాలసిస్ చేశాక మా మావయ్య మళ్ళీ మా మావయ్య అయ్యాడు. ఆ సిస్టర్ అడగకపోతే ఇంకా తాయెత్తులు కడుతూ ఉండేవాళ్ళం.

ఓపీ_డ్యూటీ
@సోంపేట_ఇసుక ఆ సిస్టర్‌కి నా నమస్కారం చెప్పండి. బాక్లోఫెన్ పక్షవాతం, వెన్నుపాము దెబ్బల వల్ల బిగుసుకుపోయే కాళ్ళూ చేతులకి మంచి మందు. మామూలు నడుం పట్టుకి దాని అవసరం లేదు. దాన్నే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి భయపడి రేపటి నుంచి ఆపేయకండి, ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు.

పాలపిట్ట_92
థయోకోల్చికోసైడ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న రోజుల్లో నాకు మెడ నొప్పికి ఆ మాత్ర రాశారు. పెళ్ళయిందా, నెల తప్పిందా అని ఎవరూ అడగలేదు. 12 రోజులు వేసుకున్నాను. తర్వాత నెల తప్పిందని తెలిసి, ఆ మాత్ర గురించి చదివి, తొమ్మిది నెలలూ టెన్షన్‌తో బతికాను. పాప బాగానే పుట్టింది, ఇప్పుడు మూడేళ్ళు. కానీ ఆ తొమ్మిది నెలలు నాకు ఎవరూ తిరిగివ్వలేరు.

మందుల_కౌంటర్
@పాలపిట్ట_92 పాప బాగుంది, అది చదివి ఊపిరి పీల్చుకున్నా. మీ భయం ఊరికే వచ్చింది కాదమ్మా. ఆ మందు ఒంట్లో విరిగినప్పుడు వచ్చే ఒక పదార్థం, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల లెక్క తప్పేలా చేయొచ్చని తేలింది. 2013 నవంబరులో యూరప్ మందుల సంస్థ గట్టిగా హద్దులు పెట్టమంది: నోటి మాత్ర 8 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లకి మించొద్దు, 7 రోజులు దాటొద్దు, ఇంజెక్షన్ అయితే 5 రోజులు, 16 ఏళ్ళ లోపు వాళ్ళకి వద్దు, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, గర్భం వచ్చే వయసులో ఉండి గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోని ఆడవాళ్ళకి వద్దు. ఫిట్స్ ఉన్నవాళ్ళూ దూరంగా ఉండాలి. మన కౌంటర్ల మీద అది చాక్లెట్‌లా పోతుంది. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం.

తాటిముంజ
అది మొక్క నుంచి తీసిన మందు కదా, సహజమైనది అని మా షాపతను చెప్పాడు.

మందుల_కౌంటర్
మొక్కే. మన తుప్పల్లో ఎర్రగా పసుపుగా మంటలా పూసే అగ్నిశిఖ, అడవినాభి అంటారు, తమిళనాడు వాళ్ళ రాష్ట్ర పుష్పం. దాని గింజల నుంచే ఈ మందు తయారీకి కావాల్సిన సరుకు తీస్తారు. అదే మొక్క దుంప తిని పోయినవాళ్ళు ఉన్నారు. మొక్క నుంచి వచ్చింది కాబట్టి ఏమీ కాదు అనే మాట మా కౌంటర్ మీద వినపడితే నాకు కోపం వస్తుంది.

తాటిముంజ
అయితే ఇది కూడా అడిగేస్తా. మా నాన్నకి రెండు తొడలూ, పిక్కలూ నొప్పులు, బిగుసుకుపోవడం. రెండు నెలలుగా వారానికి నాలుగైదు కండరాల మాత్రలు. తగ్గదు, పోదు. షుగర్ ఉంది, కొలెస్ట్రాల్ మాత్ర ఈ సంక్రాంతికి మొదలుపెట్టారు.

ఓపీ_డ్యూటీ
రెండు వైపులా తొడలు, పిక్కలు, కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాకే అంటే ముందు ఆ మాత్రనే అనుమానించాలి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొంతమందికి కండరాల నొప్పి తెస్తాయి. సీకే అని ఒక రక్త పరీక్ష ఉంది, దానితో పాటు థైరాయిడ్, విటమిన్ డి చూడమనండి. మాత్ర మీరే ఆపొద్దు, రాసిన డాక్టర్ డోసు తగ్గిస్తారు లేదా వేరేది ఇస్తారు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఆ రోజే పరుగెత్తాలి.

హైటెక్_కుర్చీ
మూత్రం రంగు అంటే గుర్తొచ్చింది, నాకు ఒకసారి కండరాల మాత్ర వేసుకున్నాక నారింజ రంగులో వచ్చింది. భయపడి రాత్రి 11కి ఎమర్జెన్సీకి వెళ్ళాను.

మందుల_కౌంటర్
క్లోర్జోక్సజోన్ అయ్యుంటుంది. అది వేసుకుంటే నారింజ, ఒక్కోసారి ఊదా ఎరుపు కూడా వస్తుంది, దానంతట అది ప్రమాదం కాదు. కానీ ఆ మందుతో అరుదుగా లివర్ గట్టిగా దెబ్బతింటుంది. కళ్ళు పచ్చబడినా, వాంతులు, కడుపు కుడివైపు నొప్పి వచ్చినా ఆపేసి చూపించుకోవాలి. మీరు వెళ్ళి మంచి పని చేశారు, ఏ రంగు దేనివల్లో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు.

హైటెక్_కుర్చీ
నా సంగతి కూడా రాస్తా. రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక కుర్చీ, రోజుకి 11 గంటలు. మెడ పట్టేస్తే మాత్ర. శుక్రవారం రాత్రి మాత్ర వేసుకుని బీరు కూడా తాగేవాణ్ణి. మర్నాడు మధ్యాహ్నం దాకా తల బండరాయి. ఆరు నెలలకి మాత్ర లేకుండా నిద్ర పట్టని స్థితి వచ్చింది, అప్పుడు స్ట్రిప్ తిప్పి చూస్తే అందులో డయాజెపామ్ అనే అలవాటుపడే నిద్ర మందు ఉంది. ఎవరో ఫ్రెండ్ ఇచ్చిన పేరు, అడిగి కొనుక్కున్నా. మానడానికి డాక్టర్ పర్యవేక్షణలో రెండు నెలలు పట్టింది, కొద్దికొద్దిగా తగ్గిస్తూ.

ఫిజియో_సిరి
మానేశారు, అదే పెద్ద విషయం. మందుతో పాటు బీరు ఎవరూ ప్రయత్నించకండి, రెండూ కలిస్తే ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

నడుం పట్టేసినప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఎన్ని రోజులు పడుకోవాలి అని. పడుకోకండి. మొదటి రోజు ఎలా సుఖంగా ఉంటే అలా ఉండండి, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే చాలామందికి ఉపశమనం. రెండో రోజు నుంచి ఇంట్లోనే గంటకోసారి ఐదు నిమిషాలు నడవాలి, నొప్పి ఉన్నా సరే. వేడినీళ్ళ సంచితో 15, 20 నిమిషాలు కాపడం. ఉప్పు మూట కాపడం అయినా ఫరవాలేదు, షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం చర్మం కాలినా తెలీదు, ఇంకొకరి చేత వేడి చూపించుకోవాలి. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం మా అమ్మమ్మ చేయించేది, ఆ వేడికి నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. చాలా నడుం పట్లు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. బస్తాలు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళు వంచి, బస్తాని పొట్టకి దగ్గరగా పట్టుకుని లేవండి.

మిర్చి_కల్లం
మాది గుంటూరు వైపు. ఎండాకాలం కల్లాల్లో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి. మేస్త్రీ జేబులోంచి మాత్ర తీసి ఇచ్చేవాడు, మత్తుగా ఎండలోనే పనిచేసేవాళ్ళు. పోయినేడు ఆశా కార్యకర్త వచ్చి గట్టిగా కేకలేసింది. ఇప్పుడు కుండ పక్కన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెడుతున్నాం, నీడలో అరగంట కూర్చోబెడుతున్నాం. పట్టేయడం తగ్గింది. అది చెమటతో ఉప్పూ నీరూ పోయి వచ్చే పట్టు, మాత్రతో ఏం పని.

గోదారి_గట్టు
@మిర్చి_కల్లం ఇది మా ఊళ్ళో కూడా చెప్తాను. మాకూ అదే, జేబులోంచి మాత్ర.

డాలస్_తెలుగు
ఇక్కడికి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో ఊరగాయ తర్వాత ఉండేవి ఇవే స్ట్రిప్పులు. థయోకోల్చికోసైడ్‌కి అమెరికాలో అనుమతే లేదు, ఇక్కడి డాక్టర్‌కి పేరు చెప్తే అర్థం కాదు. మా మామగారికి నడుం పట్టేసి అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే సైక్లోబెంజాప్రిన్ రాశారు. మన మాత్రల సంగతి ఆయన చెప్పలేదు, రెండూ వేసుకున్నారు. మర్నాడు మూత్రం ఆగిపోయింది, ప్రోస్టేట్ ఉంది ఆయనకి. సైక్లోబెంజాప్రిన్ పాతకాలపు డిప్రెషన్ మందులకి అక్కచెల్లెలి వరస, ప్రోస్టేట్, గ్లాకోమా ఉన్నవాళ్ళకి ఇబ్బంది చేస్తుందని అప్పుడు తెలిసింది. ఇండియా నుంచి తెచ్చిన స్ట్రిప్‌ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఎక్కడికెళ్ళినా చూపించండి.

ఓపీ_డ్యూటీ
మూత్రం ఆగిపోవడం అన్నారు కాబట్టి ఇంకో ముఖ్యమైన మాట. కండరాల మాత్ర వేసుకోకపోయినా, నడుం నొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేదా తెలీకుండా పోవడం, తొడల మధ్య కూర్చునే చోట మొద్దుబారడం, కాలు ఈడ్చుకుపోవడం ఉంటే గంటలు లెక్కపెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి, నరాలు నొక్కుకుపోయి ఉండొచ్చు. జ్వరంతో నడుం నొప్పి, బరువు తగ్గిపోతూ నొప్పి, పడిన తర్వాత నొప్పి కూడా షాపు దగ్గర ఆగాల్సినవి కావు. 108కి ఫోన్ చేయండి, మొహమాటం వద్దు.

@గోదారి_గట్టు డబ్బు సంగతి మీరు అన్నది నా మనసులో ఉంది. పీహెచ్‌సీలో, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాలో చూపించుకుంటే ఫీజు లేదు. అదీ కుదరకపోతే కౌంటర్ దగ్గర "నాకు బీపీ ఉంది, ఈ మాత్రలు వాడుతున్నా, దీంతో కలపొచ్చా" అని అడిగించండి.

మందుల_కౌంటర్
అడగనివ్వండి, రోజుకి వంద మంది అడిగినా చెప్తా. ఇంకోటి, ఏ మందుతోనైనా ఇలాంటి దెబ్బ తగిలితే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, ఉచితం, మందుల సైడ్ ఎఫెక్టులు నమోదు చేసే జాతీయ కార్యక్రమం వాళ్ళది. మామూలు మనుషులు కూడా చేయొచ్చు.

ఖమ్మం_కిటికీ
రెండు రోజులకి రాస్తున్నా, క్షమించండి. అమ్మ బాగుంది. పడుకున్నప్పుడు పై బీపీ 128, నిలబడితే 94. డాక్టర్ సిప్రో, కండరాల మాత్ర రెండూ ఆపేశారు, బీపీ మాత్ర మూడు రోజులు ఆపి మళ్ళీ చూస్తానన్నారు. ఓఆర్‌ఎస్ తాగుతోంది. మోచేయి విరగలేదు. క్రియాటినిన్ 1.5, నీళ్ళు పోవడం వల్ల కావచ్చు, వారానికి మళ్ళీ చేయించాలి, అప్పటిదాకా నొప్పి మాత్రలు ఏవీ వద్దన్నారు. నిన్న సాయంత్రం బీపీ నిలబడినా 118 ఉంది. మంచం దిగేముందు రెండు నిమిషాలు కూర్చుని లేస్తోంది, బాత్రూంలో లైటు వెలుగుతూనే ఉంటోంది. నడుం కూడా పెద్దగా లేదు. కాపడం పెడుతున్నా, @ఫిజియో_సిరి చెప్పినట్టు వరండాలో నడిపిస్తున్నా.

షాపతనితో మాట్లాడాను. పోట్లాడదామనే వెళ్ళాను. రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే అతని మొహం మారిపోయింది, సిప్రో సంగతి నిజంగా తెలీదన్నాడు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకి ఉంది, మనిషి లేడు. ఇకనుంచి ఉంటాడన్నాడు, మళ్ళీ వెళ్ళి చూస్తా.

లారీ_స్టీరింగ్
అమ్మ బాగుందన్నావు, అది చాలు.

మందుల_కౌంటర్
మిగిలిన మాత్రలు ఎక్కడున్నాయి?

ఖమ్మం_కిటికీ
మీరు అడిగాక అమ్మని అడిగా. ఆరు మిగిలితే పక్కింటి ఆంటీకి ఇచ్చేసిందట, ఆవిడకీ నడుం పట్టేసిందని! వెంటనే వెళ్ళాను. ఇంకా వేసుకోలేదు. "నేను రోజూ వేసుకునేది ఇదేగా, దీని చివరా ఎంఆర్ అనే ఉంది" అని తన స్ట్రిప్ తెచ్చి చూపించింది. తిప్పి చూస్తే గ్లిక్లాజైడ్, షుగర్ మాత్ర. అదేంటి, దానికీ ఎంఆరే ఎందుకు?

మందుల_కౌంటర్
షుగర్ మాత్రలో ఎంఆర్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యేది అని, కండరాలతో సంబంధం లేదు. ఆవిడ పొరపాటున నడుం నొప్పికని షుగర్ మాత్ర రెండోది వేసుకుంటే షుగర్ పడిపోయేది. ఆ ఆరూ తెచ్చేశారా?

ఖమ్మం_కిటికీ
తెచ్చేశాను. ఆంటీ షుగర్ స్ట్రిప్ మీద మార్కర్‌తో షుగర్ అని తెలుగులో పెద్దగా రాసిచ్చాను. అమ్మ మందులన్నిటి మీదా కూడా రాశాను, దేనికో, ఏ పూటో.